కన్నుకు నెత్తురు అందకపోతే



గంభీరావుపేట దిక్కు ఏ ఊరికి పోయినా సరే, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిని "కండ్లు ఎట్లున్నయ్ పెద్దయ్యా" అని అడిగి చూడండి. "పొరలు వచ్చినయ్ బిడ్డా, ఆపరేషన్ చేయించుకోవాలె" అంటాడు. ఎప్పుడు చేయించుకుంటావంటే వరి కోతలు అయినంక అంటాడు. లేకపోతే ఎండలు తగ్గినంక, లేకపోతే దుబాయ్ నుంచి కొడుకు వచ్చినంక. ఆ వాయిదాను నేను తప్పుపట్టను. శుక్లం నెలల మీద, ఏండ్ల మీద ముదిరే జబ్బు. రెండు నెలలు ఆగి ఆపరేషన్ చేయించుకున్నా చాలామందికి చూపు తిరిగి వస్తుంది.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు అనే ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం మొదలైంది. 2023 జనవరిలో ఖమ్మం నుంచి రెండో విడత నడిచింది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కండ్లు చూశారు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో బల్ల వేసి, అక్షరాల చార్టు తగిలించి, అక్కడికక్కడే అద్దాలు ఇచ్చారు. శుక్లాలున్న వాళ్లకు చీటీ రాసి పంపారు. మంచి పని, నేను మెచ్చుకునే పని. అయితే దానితోపాటు మన మనసుల్లో ఒక లెక్క కూడా స్థిరపడింది. కంటి జబ్బంటే అద్దాలు, లేకపోతే ఆపరేషన్. ఆ రెండింటికీ తొందరేమీ లేదు. క్యాంపు వచ్చినప్పుడు చూసుకుందాం.

ఇయ్యాల నేను చెప్పబోయే జబ్బుకు క్యాంపు వచ్చేదాకా ఆగితే కన్ను ఉండదు. ఒక్కోసారి రెండు కండ్లూ ఉండవు. అది కంటిలో పుట్టే జబ్బు కూడా కాదు. నెత్తురు మోసే ధమనుల గోడలు వాచిపోతాయి, దెబ్బ కంటికి తగులుతుంది.

ముందు కంటికి నెత్తురు ఎట్లా అందుతుందో చూద్దాం. గుండె నుంచి మెడకు రెండు పక్కలా పెద్ద ధమనులు పైకి పోతాయి. గొంతు పక్కన వేళ్లు ఆనిస్తే కొట్టుకునేవి అవే. అవి పుర్రెలోకి పోయినంక ఒక కొమ్మ కంటి వైపు తిరుగుతుంది. అందులోంచి ఒక సన్నని నాళం కంటి నరంలో దూరి, లోపలి తెరకు, అంటే రెటీనాకు, నెత్తురు పంచుతుంది. ఇంకొన్ని నాళాలు కనుగుడ్డు వెనక నుంచి లోపలికి పోయి, కంటి నరం మొదలుకు నెత్తురు ఇస్తాయి. ఈ వెనకటి నాళాల సంగతి ప్రపంచానికి విడమరిచి చెప్పినాయన మన దేశంలో, పంజాబ్‌లో పుట్టిన సోహన్ సింగ్ హేరే. లండన్‌లో పరిశోధన చేసి, తరవాత అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో బతుకంతా ఈ నాళాల మీదే పనిచేశాడు. కంటి నరం మొదలు బతికేది ఎక్కువగా ఈ నాళాల మీదే అని ఆయన చూపించేదాకా వైద్యులకే ఆ సంగతి సరిగా తెలియదు.

నర్మాల దగ్గర ఎగువ మానేరు కాలువ కింద పొలమున్న రైతుకు మిగతాది ఇట్టే అర్థమవుతుంది. పైన ఎక్కడో కాలువ పూడితే ముందు ఎండేది చివరి ఆయకట్టు. కంటి నరం మొదలు అట్లాంటి చివరి మడి. పక్క కాలువ నుంచి నీళ్లు మళ్లించుకునే వీలు దానికి తక్కువ.

ఇక జబ్బు పేరు. డాక్టర్లు దీన్ని జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అంటారు. కణత దగ్గరి ధమనిలో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి టెంపోరల్ ఆర్టెరైటిస్ అని పాత పేరు. మనల్ని కాపాడాల్సిన రక్షణ కణాలే దారి తప్పి ధమని గోడలోకి చొరబడతాయి. కొన్ని కణాలు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద కణాలవుతాయి, జబ్బు పేరు అందుకే వచ్చింది. గోడ వాస్తుంది, లోపలి పొర మందమవుతుంది, నెత్తురు పారే దారి సన్నబడుతుంది, చివరికి మూసుకుపోతుంది. గుండెపోటు తెచ్చే కొవ్వుకూ దీనికీ సంబంధం లేదు. బక్కగా ఉండి, నూనె ముట్టని మనిషికి కూడా రావచ్చు.

ఈ జబ్బు యాభై ఏండ్లు దాటిన వాళ్లకే వస్తుంది, ఎక్కువగా డెబ్బై దాటిన వాళ్లకు. ఆడవాళ్లకు మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. నార్వే, స్వీడన్ లాంటి చలి దేశాల్లో చాలా కనిపిస్తుంది. మన దేశంలో అరుదు. అరుదు కాబట్టే మన దగ్గర ఇది వచ్చినప్పుడు ఎవరికీ అనుమానం రాదు. వైద్య కళాశాలలో ఒక పేజీ చదివి, ముప్పై ఏండ్ల ప్రాక్టీసులో ఒక్క రోగిని కూడా చూడని డాక్టర్లు ఉంటారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మొదటి అనుమానం ఇంట్లోనే పుట్టాలి, అందుకే ఈ ప్రసంగం.

ఒక పెద్దమ్మను మనసులో అనుకుందాం. సిరిసిల్లలో మగవాళ్ల చేతులు సాంచెల మీద ఉంటే, ఆడవాళ్ల చేతులు బీడీల చాటలో ఉంటాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు కూడా అంతే. ఈ పెద్దమ్మ కూడా తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి నలభై ఏండ్లు గడిపింది. ఇప్పుడు డెబ్బై దాటింది. ఒక నెల నుంచి తల నొస్తున్నది. ఇంతకుముందు ఎప్పుడూ లేని నొప్పి, కణతల దగ్గర పట్టేసినట్టు. "ఇన్నేండ్లు తంబాకు ఘాటు పీల్చినవు, నెత్తి నొయ్యదా?" అంటుంది పక్కింటామె. పొద్దున లేస్తే భుజాలు, తొడలు బిగుసుకుపోయి చీర కట్టుకోవడానికి కూడా చేతులు లేవవు. "ఒంగి కూసుండి బీడీలు చేసినవు గదా, వాతం పట్టింది" అంటారు. నమిలితే దౌడలు గుంజుతున్నాయి. "పండ్లు ఊగుతున్నయేమో, పండ్ల డాక్టర్‌కు చూపించు." బువ్వ తినబుద్ధి కాదు, సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడుతుంది, చిక్కిపోయింది. "ముసలితనం."

ఒక్కో బాధకు ఒక్కో కారణం దొరికింది. ఏ కారణమూ అబద్ధంగా కనిపించదు. బీడీలు చుట్టే వాళ్లకు మెడ నొప్పి, భుజాల నొప్పి నిజంగానే వస్తాయి. అన్నిటికీ కలిపి ఒక్కటే మూలం ఉండొచ్చన్న ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆమె తలనొప్పికి ఒక దగ్గర గోలీ తెచ్చుకుంటుంది, భుజాలకు ఇంకో దగ్గర సూది వేయించుకుంటుంది, దౌడకు మూడో దగ్గర పన్ను పీకించుకుంటుంది.

ఈ దౌడ నొప్పి దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ జబ్బును పట్టిచ్చే గుర్తుల్లో ఇది చాలా గట్టిది. పంటి నొప్పయితే మొదటి బుక్కకే కలుక్కుమంటుంది. ఇది అట్లా రాదు. మక్క గుడాలో, సర్వపిండి ముక్కో నోట్లో వేసుకున్నప్పుడు మొదట బాగానే ఉంటుంది. నాలుగైదు సార్లు నమిలేసరికి చెవి ముందరి కండరం అలిసిపోయి గుంజడం మొదలవుతుంది. నమలడం ఆపి కొంచెంసేపు ఊరుకుంటే తగ్గుతుంది. మళ్లీ నమిలితే మళ్లీ. నమిలే కండరానికి నెత్తురు తెచ్చే ధమని సన్నబడింది. ఊరికే ఉన్నప్పుడు వచ్చే నెత్తురు చాలుతుంది, పని పెడితే చాలదు. అందుకని ఆమె గట్టివి మానేసి అన్నంలో పాలు పోసుకుని తినడం మొదలుపెడుతుంది, ఇంట్లో వాళ్లు దాన్ని పట్టించుకోరు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈ మధ్యే మెత్తనివే తింటుంటే, పండ్లు లేకనా, నమిలితే అలుపొచ్చా అని ఒక్కసారి అడగండి.

ఇంకో గుర్తు నెత్తి. దువ్వెన తగిలితే తల చర్మం మండుతుంది. దిండు మీద ఆ పక్కకు ఒత్తిగిల్లలేరు. కణత మీద ధమని ఉబ్బి వేలికి తగులుతుంది, తాకితే నొప్పి. కొందరిలో అక్కడ కొట్టుకోవడమే ఆగిపోతుంది. 1890లో లండన్‌లో జొనాథన్ హచిన్సన్ అనే సర్జన్ ఒక ముసలాయన గురించి రాశాడు. తల మీద ఎర్రటి చారలు లేచి, నొప్పికి టోపీ పెట్టుకోలేకపోయాడట ఆయన. నెత్తికి రుమాలు చుట్టుకునే మన తాతలకు ఆ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ తరవాత 1932లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో బేయర్డ్ హార్టన్, ఆయన తోటి డాక్టర్లు ఆ ధమని ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసి, జబ్బు ధమని గోడలో ఉందని చూపించారు.

ఇప్పుడు కంటి దగ్గరికి వద్దాం. కొందరికి హెచ్చరిక వస్తుంది. ఒక కంటికి చీకటి కమ్మి, కొన్ని నిమిషాలకు మళ్లీ తేటపడుతుంది. పోయి వచ్చింది కదా అని ఎవరికీ చెప్పరు. కొందరికి ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు, కనుగుడ్డును తిప్పే కండరాలకూ నరాలకూ నెత్తురు చాలక. ఇంకొందరికి ఏ హెచ్చరికా ఉండదు. పొద్దున లేచేసరికి ఒక కన్ను పోయి ఉంటుంది. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, కంట్లో నొప్పి ఉండదు. పైకి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. అందుకే ఇంట్లో వాళ్లు నమ్మరు కూడా. డాక్టర్ లోపలికి వెలుగు వేసి చూస్తే కంటి నరం మొదలు పాలిపోయి, సున్నం తెలుపుకు తిరిగి, వాచి కనిపిస్తుంది.

ఒక కన్ను పోయిన సంగతి ఆ మనిషికే తెలియకపోవచ్చు. రెండో కన్ను లాక్కొస్తుంది కాబట్టి నడక ఆగదు, వంట ఆగదు. మొఖం కడుక్కుంటూ ఒక కన్ను మూసినప్పుడు బయటపడుతుంది. అందుకే పెద్దవాళ్లను అప్పుడప్పుడు ఒక్కో కన్ను అరచేత్తో మూసి గోడ మీది క్యాలెండర్ చూడమనండి. అరనిమిషం పట్టే పని.

ఈ జబ్బులో నన్ను అన్నిటికంటే భయపెట్టేది రెండో కన్ను. మందు వేయకపోతే చాలామందిలో రోజుల్లోనో, కొద్ది వారాల్లోనో రెండో కంటికీ అదే గతి పడుతుంది. పోయిన కన్ను తిరిగి రావడం చాలా అరుదు, ఎంత పెద్ద ఆసుపత్రికి పోయినా. వైద్యం ప్రధానంగా ఉన్న కన్నును నిలబెట్టడానికే. శుక్లం విషయంలో ఆగినా నష్టం లేదన్నాను కదా, ఇక్కడ ఆగిన ప్రతి పూటా రెండో కంటి ఖాతాలోంచి పోతుంది.

ఇంతా చెప్పి ఒక మెలిక కూడా చెప్పాలి. ఇందాకటి హేరే 1998లో ఒక లెక్క బయటపెట్టాడు. ఈ జబ్బుతో చూపు దెబ్బతిన్న వాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి తలనొప్పి లేదు, దౌడ నొప్పి లేదు, జ్వరం లేదు. కన్ను పోవడమే మొదటి గుర్తు. కాబట్టి తలనొప్పి లేదుగా అని ధీమాగా ఉండొద్దు. పెద్దవయసులో ఒక కంటి చూపు హఠాత్తుగా పడిపోతే, అది ఒక్కటే చాలు పరుగెత్తడానికి.

పరుగెత్తడం అంటే ఎక్కడికి? అద్దాల దుకాణానికి మాత్రం కాదు. ముందు సిరిసిల్ల, జగిత్యాల జిల్లా ఆసుపత్రుల్లో ఏది దగ్గరైతే అక్కడికి. 2021 జూన్‌లో రాష్ట్రంలో 19 జిల్లాల్లో ప్రభుత్వ రక్త పరీక్షల కేంద్రాలు తెరిచినప్పుడు ఈ రెండు చోట్లా తెరిచారు. మొదట కావలసింది పెద్ద పెద్ద స్కానింగులు కాదు, ఈఎస్ఆర్ అనే చిన్న రక్త పరీక్ష. నెత్తురును ఒక సన్నని గాజు గొట్టంలో నిలబెట్టి, గంటలో ఎర్ర కణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. ఒంట్లో వాపు ఉంటే తొందరగా దిగుతాయి. 1897లో పోలండ్ డాక్టర్ బియర్నాట్‌స్కీ దీన్ని గమనించాడు, 1921లో స్వీడన్ డాక్టర్ వెస్టర్‌గ్రెన్ ఇప్పటి పద్ధతికి రూపం ఇచ్చాడు. నూరేండ్ల నాటి పరీక్ష, చాలా చవక. ఈ జబ్బులో ఆ అంకె తరచుగా 50 దాటుతుంది, 100 కూడా దాటవచ్చు. నెత్తురు తక్కువున్నా, క్షయ ఉన్నా కూడా పెరుగుతుంది కాబట్టి ఆ అంకె ఒక్కదానితోనే తీర్పు చెప్పలేం. కొందరిలో మామూలుగా కూడా ఉంటుంది. అందుకని సీఆర్‌పీ అనే ఇంకో పరీక్షను, ప్లేట్‌లెట్ల లెక్కను జోడించి చూస్తారు. మీరు డాక్టర్ గదిలోకి పోయినప్పుడు ఈ మాట సిగ్గుపడకుండా అడగండి: "సారూ, మా అమ్మకు కొత్తగా తలనొప్పి వస్తున్నది, నమిలితే దౌడ గుంజుతున్నది, ఒక కన్ను మసకయింది, ఈఎస్ఆర్, సీఆర్‌పీ చేయిస్తరా?" ఏ డాక్టరూ కోప్పడడు. కోప్పడినా ఫరవాలేదు, పరీక్ష జరగాలి.

జబ్బును ఖాయం చేయడానికి కణత దగ్గర చిన్న కోత పెట్టి ధమని ముక్క తీస్తారు. వాపు ధమని పొడవునా ఒకేలా ఉండదు, నడుమ నడుమ విడిచిపెడుతుంది, కాబట్టి సెంటీమీటరుకు తగ్గకుండా తీయాలి. ఈ మధ్య అల్ట్రాసౌండ్‌తోనూ పట్టుకుంటున్నారు. వాచిన ధమని చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుందని 1997లో జర్మనీ డాక్టర్లు చూపించారు. అయితే ఈ రెండింటి కోసం మందు ఆపకూడదు. అనుమానం గట్టిగా ఉంటే ఆ రోజే స్టిరాయిడ్ మొదలుపెట్టాలి, ముక్క తీయడం తరవాతి వారంలో జరిగినా జబ్బు ఆనవాళ్లు అందులో దొరుకుతాయి. "హైదరాబాద్ పోయి రిపోర్టు వచ్చినంక చూద్దాం" అనుకునేలోపు కన్ను పోతుంది. పట్నం పోవాల్సి వస్తే మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ బంజారాహిల్స్‌లో ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో ఇట్లాంటి వాపు జబ్బులు చూసే రుమటాలజీ విభాగం ఉంది. కంటి డాక్టర్, రుమటాలజీ డాక్టర్ ఇద్దరూ కలిసి చూడాల్సిన జబ్బు ఇది.

స్టిరాయిడ్ అన్నాను. ఈ మాట వినగానే మనలో రెండు రకాల మనుషులు బయటికొస్తారు. ఒకరు పేరు వింటేనే వణికిపోయి మందు బయట పారేస్తారు. ఇంకొకరు మోకాలు నొచ్చినప్పుడల్లా ఊళ్లో సూది వేయించుకుంటూ, అందులో ఏముందో ఏనాడూ అడగరు. మొదటివాళ్లకు నా మాట: మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్ కార్టిజోన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు, 1950లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరవాతే ఈ జబ్బుకు మందన్నది దొరికింది. అంతకుముందు రోగి కన్ను పోతుంటే డాక్టర్ చూస్తూ కూర్చోవాల్సిందే. ఇప్పుడు సాధారణంగా రోజుకు 40 నుంచి 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో మొదలుపెడతారు. చూపు అప్పటికే దెబ్బతింటుంటే ఆసుపత్రిలో చేర్చుకుని సిర ద్వారా ఎక్కిస్తారు. తలనొప్పి ఒకటి రెండు రోజుల్లోనే తీసేసినట్టు పోతుంది, భుజాల బిగువు కూడా.

రెండోవాళ్లకు చెప్పాల్సింది వేరే. వాతానికని ఊళ్లో వేసే సూదితో ఆ పెద్దమ్మ నొప్పులు నాలుగు రోజులు అణుగుతాయి. ఈఎస్ఆర్ కూడా కొంత దిగుతుంది. కన్నును కాపాడేంత మందు మాత్రం అందదు. జబ్బు దాక్కుంటుంది, డాక్టర్ దారి తప్పుతాడు. కాబట్టి ఏ సూదులు వేయించుకున్నదీ, ఎప్పుడు వేయించుకున్నదీ దాచకుండా చెప్పండి.

మందు మొదలయ్యాక ఏడాదో రెండేండ్లో కొద్దికొద్దిగా తగ్గిస్తూ వాడాలి. ఒంటికి బాగయిందని ఒక్కసారి ఆపేస్తే ప్రమాదం, జబ్బు తిరగబెట్టడమే గాక ఒళ్లు పూర్తిగా నీరసించి పడిపోవచ్చు. స్టిరాయిడ్‌తో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం తొందరగా రావచ్చు. శుక్లం వస్తే ఆపరేషన్ ఉంది. నరం చచ్చిపోతే ఆపరేషన్ లేదు. ఈ బేరంలో ఏది దక్కించుకోవాలో వేరే చెప్పక్కరలేదు. 2017లో అమెరికాలో టోసిలిజుమాబ్ అనే సూది మందుకు ఈ జబ్బులో అనుమతి వచ్చింది. దానితో స్టిరాయిడ్ తొందరగా తగ్గించవచ్చు గానీ ధర మన పెద్దమ్మకు అందేది కాదు.

ఇప్పటిదాకా ముసలివాళ్ల గురించి మాట్లాడాను. ధమనుల వాపు పడుచువాళ్లకూ వస్తుంది, నిజానికి మన దేశంలో ఆ రకమే ఎక్కువ పరిచయం. దాని కథ జపాన్‌లో మొదలైంది. 1908లో మికితో తకయాసు అనే కంటి డాక్టర్ ఇరవై దాటిన ఒక యువతి రెటీనా గురించి ఒక సభలో చెప్పాడు. కంటి నరం మొదలు చుట్టూ నాళాలు ఒకదానితో ఒకటి కలిసి దండ కట్టినట్టున్నాయి. ఇదేమిటో ఆయనకు అంతుపట్టలేదు. అదే సభలో ఓనిషి, కగోషిమా అనే ఇద్దరు డాక్టర్లు లేచి, తామూ ఇట్లాంటి రోగుల్నే చూశామనీ, వాళ్ల మణికట్టు దగ్గర నాడి అందలేదనీ చెప్పారు. కంటికీ చేతికీ సంబంధం అక్కడ దొరికింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనే వాచింది. చేతికి పోయే కొమ్మ మూసుకుపోయి నాడి పోయింది, మెడకు పోయే కొమ్మ సన్నబడి కంటికి నెత్తురు తగ్గింది. జబ్బుకు తకయాసు పేరే ఉండిపోయింది.

ఎక్కువగా నలభై ఏండ్ల లోపు ఆడపిల్లలకు వస్తుంది. నిలబడగానే కండ్లకు చీకట్లు, పడుకుంటే తేట. చెయ్యి ఎత్తి బట్టలు ఆరేస్తే చెయ్యి గుంజుతుంది. మన దేశంలో కడుపులోని ధమని, కిడ్నీల ధమనులు సన్నబడటం తరచుగా కనిపిస్తుంది, అందువల్ల చిన్న వయసులోనే బీపీ విపరీతంగా పెరుగుతుంది, ఆ బీపీ రెటీనాను దెబ్బతీస్తుంది. ఇరవై ఐదేండ్ల అమ్మాయికి బీపీ 180 ఉందంటే "టెన్షన్ పడకు" అని పంపించే విషయం కాదది. రెండు చేతులకూ బీపీ చూడమని అడగండి. రెండింటికీ తేడా బాగా ఉన్నా, ఒక చేతికి నాడి అందకపోయినా డాక్టర్ జాగ్రత్త పడతాడు. నర్సమ్మలు, ఆశా కార్యకర్తలు ఎవరైనా వింటుంటే ఈ ఒక్కటి గుర్తుంచుకోమని కోరుతున్నాను. ఆడపిల్ల గర్భిణిగా ఉన్నప్పుడు మొదటిసారి బీపీ చూసే చెయ్యి చాలాసార్లు మీదే.

ఇంకో జబ్బు ధమనులది కాదు, ఎక్కువగా సిరలది. అయినా మన దగ్గర చెప్పకుండా వదిలేయలేను. 1880లో ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో హెన్రీ ఈల్స్ వర్ణించినందుకు ఈల్స్ జబ్బు అంటారు. ఇరవై, ముప్పై ఏండ్ల మగపిల్లలకు రెటీనా సిరలు వాచి, మూసుకుపోయి, వాటి పక్కన బలంలేని కొత్త నాళాలు పుట్టి, అవి చిట్లి కంటిలో నెత్తురు నిండుతుంది. పశ్చిమ దేశాల్లో ఇప్పుడు అరుదు, మన దేశంలో ఇంకా ఉంది. క్షయ క్రిమికి ఒళ్లు అతిగా స్పందించడం దీనికి కారణమని బలమైన అనుమానం. చెన్నై శంకర నేత్రాలయ పరిశోధకులు ఇట్లాంటి రోగుల కంటి లోపల క్షయ క్రిమి జన్యు పదార్థాన్ని పట్టుకున్నారు కూడా. కండ్ల ముందు నల్లటి పోగులు ఆడటం, ఒకరోజు ఎర్రటి మసక కమ్మడం దీని గుర్తులు. కోరుట్ల, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయే పిల్లలకు ఛాతీ ఎక్స్‌రే తీసి క్షయ ఉందా అని చూస్తారు, లోపలి రెటీనాను ఎవరూ చూడరు. అక్కడ ఎండలో, క్యాంపు గదిలో కండ్ల ముందు పోగులు కనపడితే వీసా పోతుందని దాచుకుంటారు. దాచుకోవద్దు తమ్ముడూ. దీనికి లేజర్ ఉంది, నిండిన నెత్తురు తీసేసే ఆపరేషన్ ఉంది, సమయానికి వస్తే చూపు నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. హఠాత్తుగా చూపు పోయిన వాళ్లందరికీ ధమనుల వాపే ఉందని నేను అనడం లేదు. మన దగ్గర ఎక్కువమందికి చక్కెర, బీపీ, కొలెస్టరాల్, బీడీ సిగరెట్ల వల్ల నాళాలు మూసుకుపోతాయి, లేదా గుండె నుంచో మెడ నుంచో ఒక గడ్డ కొట్టుకొచ్చి అడ్డుపడుతుంది. నెత్తురు పూర్తిగా ఆగితే రెటీనా ఓ నాలుగు గంటల కంటే ఎక్కువ తట్టుకోదని కోతుల మీద ప్రయోగాలు చేసి చూపించింది కూడా హేరేనే. అది కంటికి వచ్చిన పక్షవాతం. మెదడుకు వచ్చే పక్షవాతం దాని వెనకే రావచ్చు. కారణం ఏదో తేల్చడం డాక్టర్ పని, ఆ పూటే తీసుకుపోవడం మన పని.

చివరగా ఒక మందు ముచ్చట. స్టిరాయిడ్ తగ్గించుకోవడానికి తోడుగా, ముఖ్యంగా తకయాసు జబ్బులో, డాక్టర్లు మెథోట్రెక్సేట్ రాస్తుంటారు. ఆ మందు పుట్టుక వెనక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేస్తూ, దానికి ఎదురు తిరిగే మందుల్ని తయారుచేసింది. మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు, తరవాత కీళ్లవాతానికీ, ఇట్లాంటి వాపు జబ్బులకూ వచ్చింది. 1948లో ఆయన పోయారు, తన మందు ఇన్ని జబ్బులకు పనికొస్తుందని చూడకుండానే. ఈ మెథోట్రెక్సేట్ గోలీ మీ ఇంట్లో ఎవరికైనా రాసి ఉంటే ఒక్కటి చూసుకోండి. వాపు జబ్బులకు ఇది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. మిగతా గోలీల లెక్క పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, నెత్తురు కణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చదువు రాని పెద్దమ్మ చేతికి ఆ డబ్బా ఇచ్చేటప్పుడు దాని మీద ఏ రోజో రాసి, ఆ రోజు వేసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోండి. సోమవారమైతే సోమవారమే. మధ్యలో జ్వరం వస్తే ఆ వారం వేయాలా వద్దా అని డాక్టర్‌ను అడిగి వేయండి.